రూపాయికి ముప్పావలా నొప్పి: నాన్న బైపాస్ రోజుల్లో నేను చూసిన నర్సింగ్

ఇవాళ 2025 మార్చి 28. నాన్నకి గుండె బైపాస్ ఆపరేషన్ అయ్యి సరిగ్గా తొమ్మిది వారాలు. ఈ తొమ్మిది వారాల్లో మా బంధువుల్లో ఇద్దరు, ఊళ్ళో ఒకాయన నాకు ఫోన్ చేశారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇదే కష్టం. ఎంతవుద్ది, ఎన్నాళ్ళు పడుద్ది, డాక్టరు ఎవరు, ఆసుపత్రి ఏది అని అడిగారు. నర్సుల గురించి ఒక్కరూ అడగలేదు. జనవరికి ముందు అయితే నేనూ అడిగేదాన్ని కాదు. ఆపరేషన్ ఒక్క పూటలో అయిపోయింది. దానికి ముందు ఎనిమిది రోజులు, తర్వాత ఏడు రోజులు నాన్నని కంటికి రెప్పలా కాచింది నర్సులు. ఇంటికొచ్చాక వాళ్ళు నేర్పిన పనే అమ్మా నేనూ చేశాం. అందుకే ఎక్కువగా ఆ సంగతులే రాస్తున్నాను.

మాది పల్నాడులో మిరప పండించే ఊరు. నాన్నకి 66 ఏళ్ళు. పదకొండేళ్ళుగా షుగర్, ముప్పై ఏళ్ళుగా బీడీ. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. పండక్కి మా ఆయన, పాప, నేను ఊరొచ్చాం. జనవరి 15 కనుమ. గారెలు, నాటుకోడి కూరతో అందరం కడుపునిండా తిన్నాం. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి అమ్మ నన్ను లేపింది. నాన్న మంచం మీద కూర్చుని గుండెకి అరచెయ్యి అదిమి పెట్టుకున్నాడు. అంత చలిలోనూ బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. "తిన్నది అరగలేదమ్మా, గ్యాసే" అన్నాడు. మేమూ అలాగే అనుకున్నాం. నొప్పి దవడలోకి లాగుతోందని ఆయన రెండుసార్లు చెప్పాడు. మేం పట్టించుకోలేదు.

ఊళ్ళో వైద్యం చేసే ఆయన ఐదుంపావుకి వచ్చి నడుముకి ఒక ఇంజెక్షన్ చేసి, ఒక మాత్ర ఇచ్చి, అరగంటలో తగ్గుతుందని చెప్పి వెళ్ళాడు. తగ్గలేదు. ఆరున్నరకి వాంతి అయింది, మొహం బూడిద రంగులోకి తిరిగింది. అప్పుడు 108కి ఫోన్ చేశాం. ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికి చేరేసరికి ఏడు ముప్పై ఐదు. నొప్పి మొదలై మూడు గంటలు. ఆ మూడు గంటల గురించి తలుచుకోని రోజు లేదు నాకు.

అక్కడ పేరు కూడా రాసుకోకముందే ఒక సిస్టర్ నాన్న చొక్కా విప్పించి ఈసీజీ తీగలు తగిలించింది. డాక్టరు గారు ఆ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసి గుండె డాక్టరుకి పంపారు. అటు నుంచి జవాబు వచ్చేలోపు సిస్టర్ ఆస్పిరిన్ మాత్ర నమిలించింది, ఇంకో నాలుగైదు మాత్రలు మింగించింది. పెద్ద అటాక్ అని, గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ వెంటనే ఇవ్వాలని చెప్పారు. బయట నలభై వేల దాకా అవుతుందట. అక్కడ ఉచితంగానే ఇచ్చారు.

ఇచ్చే ముందు సిస్టర్ గబగబా అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా? తలకి దెబ్బ తగిలిందా? ఈ మధ్య ఆపరేషన్ ఏదైనా అయిందా? విరేచనం నల్లగా పోయిందా? ఇవాళ ఒంటికి ఎక్కడైనా ఇంజెక్షన్ చేయించారా? చివరి దానికి నేను "ఆ, నడుముకి" అనగానే ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. డాక్టరు గారికి చెప్పింది. అయినా ఇవ్వాల్సిందే అన్నారాయన. బరువెంత అని అడిగితే నేను తెల్లమొహం వేశాను. ఆ ఇంజెక్షన్ మోతాదు బరువును బట్టి ఇస్తారు. అంత నొప్పిలోనూ నాన్నే చెప్పాడు, "మొన్న టిక్కీలు తూచేటప్పుడు కాటా ఎక్కాను తల్లీ, 68 కిలోలు" అని (టిక్కీ అంటే మిరప బస్తా). మీ ఇంట్లో పెద్దవాళ్ళ బరువు, వేసుకునే మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నాకు ఆ రోజు రెండూ తెలియవు.

తర్వాత "నొప్పి పదిలో ఎంత ఉంది బాబాయ్?" అని అడిగింది. నాన్నకి అర్థం కాలేదు. "చాలా ఉందమ్మా" అన్నాడు. ఆవిడ మళ్ళీ అడిగింది, "రూపాయి నొప్పి అనుకుంటే ఎంత?" నాన్న వెంటనే "ముప్పావలా" అన్నాడు. ఆవిడ కాగితం మీద ఏదో అంకె వేసుకుంది. ఎనిమిదీ ఇరవైకి ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ తర్వాత గంటన్నరా ఆవిడ మంచం దగ్గర నుంచి కదల్లేదు. పావుగంటకోసారి బీపీ చూడటం, అదే ప్రశ్న అడగటం. అర్ధరూపాయి అన్నాడు. మధ్యలో ఒకసారి మానిటర్ గట్టిగా మోగింది, గీతలన్నీ వెడల్పుగా మారిపోయాయి. నేను కేక వేశాను. సిస్టర్ నా భుజం పట్టుకుని, "నాళం తెరుచుకునేటప్పుడు ఇలా వస్తుంది, బీపీ బాగానే ఉంది, డాక్టరు గారు చూస్తున్నారు" అంది. తొమ్మిదీ యాభైకి మళ్ళీ ఈసీజీ తీశారు. "ఇప్పుడెంత బాబాయ్?" "పావలా కూడా లేదమ్మా." అప్పుడు ఏడ్చాను నేను.

మధ్యాహ్నానికి నాన్న నడుము పక్కన, పొద్దున ఇంజెక్షన్ చేసిన చోట, వాచి నల్లబడింది. గడ్డ కరిగించే మందు ఇచ్చాక కండలో చేసిన సూదిపోటు దగ్గర రక్తం లోపలే ఊరుతుందని అప్పుడు తెలిసింది. సిస్టర్ ఆ నలుపు చుట్టూ పెన్నుతో గీత గీసి పక్కనే టైము రాసింది. గంట తర్వాత చూస్తే గీత దాటి వేలెడంత పాకింది. మళ్ళీ గీత, మళ్ళీ టైము. సాయంత్రానికి మూడు గీతలు ఉన్నాయి, మూడోది దాటలేదు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా, తలనొప్పి ఉందా, మూత్రం ఎర్రగా ఉందా అని అడుగుతూనే ఉంది. బ్రష్ చేయనివ్వలేదు, నోరు పుక్కిలించమంది. గుండె నొప్పి అనే అనుమానం ఏమాత్రం ఉన్నా నడుముకి, భుజానికి ఇంజెక్షన్ చేయించకండి. ఈ ఒక్క మాట ఊళ్ళో అందరికీ చెబుతున్నాను.

ఆ సాయంత్రమే అంబులెన్సులో గుంటూరు పంపారు, ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి. మా ఊళ్ళో ఇప్పటికీ అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు. అక్కడ ఆ స్కీము పనులు చూసే ఆరోగ్యమిత్ర ఆధార్, రేషన్ కార్డు అడిగితే ఒక్కటీ లేదు. మా ఆయన మళ్ళీ ఊరికెళ్ళి తెచ్చేసరికి రాత్రి పదకొండు. వైద్యం ఆపలేదు గానీ నాకు టెన్షన్‌తో కాళ్ళు వణికాయి. కార్డుల ఫోటోలు ఫోన్లో ఉంచుకోండి.

జనవరి 17న యాంజియోగ్రామ్, గుండె రక్తనాళాల్లో పూడికలు చూసే పరీక్ష. కుడి మణికట్టు నుంచి చేశారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. చేశాక మణికట్టుకి గాలి నింపిన ప్లాస్టిక్ పట్టీ కట్టి, కొంతసేపయ్యాక కొంచెం కొంచెంగా గాలి తీస్తూ వచ్చారు. తీసిన ప్రతిసారీ సిస్టర్ నాన్న బొటనవేలి గోరు నొక్కి వదిలి, ఎరుపు తిరిగొచ్చిందా అని చూసేది. నాన్న ఆ చెయ్యి మీదే బరువు ఆన్చి లేవబోతే గట్టిగానే కోప్పడింది. సాయంత్రం డాక్టరు గారు కంప్యూటర్లో చూపించారు. మూడు రక్తనాళాల్లోనూ చాలాచోట్ల పూడికలు. షుగర్ కూడా ఉంది కాబట్టి స్టెంట్ల కన్నా బైపాసే మేలన్నారు. గుండె రక్తాన్ని తోసే శక్తి 40 శాతానికి పడిపోయిందని కూడా చెప్పారు.

రేపే చేస్తారనుకున్నాం. కాదట. అటాక్ రోజు మింగించిన మాత్రల్లో క్లోపిడోగ్రెల్ అని ఒకటి ఉంది. అది ఒంట్లోంచి పోకుండా ఆపరేషన్ చేస్తే రక్తం ఆగదు. కనీసం ఐదు రోజులు ఆగాలి. మధ్యలో ఆదివారం, థియేటర్ ఖాళీ, స్కీము అనుమతి, ఇవన్నీ కలిసి జనవరి 24 శుక్రవారం అని తేల్చారు. ఈ ఏడు రోజులు ఎందుకో తెలియక మా మేనమామ "డబ్బుల కోసం ఆపుతున్నారు" అని గొడవకి దిగాడు. కారణం మాకు విడమరిచి చెప్పింది కూడా వార్డు సిస్టరే.

ఆ వారమే నాకు అన్నిటికన్నా కష్టంగా గడిచింది. నాన్న చూడటానికి బాగానే ఉన్నాడు, కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. లోపల ఏం జరుగుతుందో తెలియదు. పూటకొకటి చొప్పున పొట్టకి ఇంజెక్షన్, రక్తం గడ్డకట్టకుండా. ఆ చోట రుద్దితే కమిలిపోతుందని, రుద్దొద్దని చెప్పారు. బాత్రూముకి ఒంటరిగా వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు, లోపల గడియ పెట్టనిచ్చేవాళ్ళు కాదు. ముక్కకూడదని రాత్రిపూట విరేచనం మెత్తబడే మందు ఇచ్చేవాళ్ళు. నాన్నకి అది తలవంపుగా అనిపించి రెండు రోజులు తాగినట్టు నటించాడు. సిస్టర్ కనిపెట్టింది. బాత్రూములో ముక్కి అక్కడే పడిపోయిన పేషెంట్లను చూశానని మెల్లగా చెప్పాక గానీ తాగలేదు.

జనవరి 20 రాత్రి పదకొండుకి మళ్ళీ నొప్పి వచ్చింది. నేను మాత్ర కోసం సంచి వెతుకుతున్నాను. సిస్టర్ పరుగున వచ్చి ముందు మంచం తల వైపు ఎత్తి కూర్చోబెట్టింది, బీపీ చూసింది, ఆ తర్వాత నాలుక కింద మాత్ర పెట్టింది. బీపీ తక్కువగా ఉన్నప్పుడు ఆ మాత్ర పెడితే కళ్ళు తిరిగి పడిపోతారట, నిలబడి వేసుకున్నా అంతేనట. ఈసీజీ తీసి డాక్టరుకి ఫోన్ చేసింది. నేను అడగకముందే నాన్నని నేనిచ్చిన లెక్కలోనే అడిగింది, "రూపాయికి ఎంత?" మొదటి రోజు వార్డులో చేర్చుకునేటప్పుడు నేను ఆ కథ చెబితే ఆవిడ కేసు షీటులో రాసి పెట్టుకుందట. డ్యూటీలు మారినా అందరూ అలాగే అడిగేవాళ్ళు.

ఇంకో సంగతి. మర్నాడు ఆ సిస్టరే నన్ను టీ తాగి రమ్మని పంపింది. నేను వచ్చేసరికి నాన్న తల దించుకుని ఉన్నాడు. దిండు గలీబులో దాచిన బీడీకట్ట ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ దాన్ని నాకు చూపించలేదు, జేబులో వేసుకుంది. ఏం మాట్లాడిందో నాన్న ఇంటికొచ్చాకే చెప్పాడు. "నీ కూతురి ముందు అడిగితే అబద్ధం చెబుతావని ఒంటరిగా అడుగుతున్నా బాబాయ్. రోజుకి ఎన్ని?" అందట. ఆ రోజు నుంచి ముట్టలేదు.

బాల్స్ ఉండే ఊపిరి పరికరం 350 రూపాయలు పెట్టి కొనమన్నారు. మూడు గొట్టాలు, మూడు రంగుల బంతులు. నాన్న మొదటి రోజంతా దాన్ని ఊదాడు, బంతులు లేవలేదు. ఊదకూడదు, గట్టిగా లోపలికి పీల్చాలి. గంటకి పదిసార్లు చేయాలి, ఆపరేషన్‌కి ముందే అలవాటు కావాలి. దిండు గుండెకి హత్తుకుని దగ్గడం కూడా ముందే నేర్పారు. ఆపరేషన్ అయ్యాక నేర్పితే నొప్పికి మనిషి వినడు.

రక్తం ఇచ్చేవాళ్ళు నలుగురు కావాలన్నారు. మా ఊరి కుర్రాళ్ళు ఆరుగురు వచ్చారు, ఒకడికి రక్తం తక్కువగా ఉందని, ఒకడు వారం కిందే పచ్చబొట్టు వేయించుకున్నాడని వద్దన్నారు. కొంచెం ఎక్కువమందినే పిలవండి.

24న ఉదయం ఆరూ నలభై ఐదుకి తీసుకెళ్ళారు. అంతకుముందు రాత్రి, మళ్ళీ తెల్లవారుజామున మందు సబ్బుతో స్నానం చేయించారు, గుండె మీద, కాళ్ళ మీద వెంట్రుకలు తీశారు. మధ్యాహ్నం ఒకటీ నలభైకి నాలుగు గ్రాఫ్టులు, అంటే పూడికల్ని దాటి రక్తం పోయే కొత్త దారులు, వేశామని చెప్పారు. నాలుగింటికి ఐసీయూ అద్దంలోంచి చూపించారు. ఎవరైనా ఆ మొదటి చూపుకి సిద్ధపడి వెళ్ళాలి. నోట్లో గొట్టం, మెడలో గొట్టం, పక్కటెముకల కింద నుంచి రెండు గొట్టాలు సీసాలోకి, మొహం ఉబ్బి, ఒళ్ళు చల్లగా. అమ్మ చూసి కింద కూలబడింది. ఐసీయూ సిస్టర్ మలయాళీ. తనకొచ్చిన తెలుగులో ఒక్కో గొట్టం దేనికో, ఎప్పుడు తీస్తారో వరసగా చెప్పింది. "రేపు ఇది ఉండదు, ఎల్లుండి ఇది ఉండదు అమ్మా." అన్నట్టే ఒక్కొక్కటీ తగ్గుతూ వచ్చాయి. నోటి గొట్టం ఆ రాత్రి పదింటికే తీశారు. 25 ఉదయం ఐదు నిమిషాలు లోపలికి పంపారు. నాన్న అడిగింది ఒక్కటే, నీళ్ళు. సిస్టర్ తడి గాజుగుడ్డతో పెదాలు అద్ది, చెంచాతో రెండు చుక్కలు పోసింది. రోజుకి ఇన్ని మిల్లీలీటర్లే అని లెక్క ఉంది. ఆ చెంచా కోసం నాన్న చంటిపిల్లాడిలా నోరు తెరిచి చూస్తుంటే చూడలేక బయటికొచ్చేశాను.

26 అర్ధరాత్రి దాటాక రెండింటికి ఐసీయూ నుంచి ఫోన్. ప్రాణం గొంతులోకొచ్చింది. నాన్న కళ్ళంలో ఉన్నాననుకుంటున్నాడు. మిరపకాయలు తడుస్తున్నాయి, పట్టాలు కప్పాలి అంటూ లేవబోతున్నాడు, మెడ దగ్గర గొట్టం పీకబోయాడు. పెద్ద ఆపరేషన్ తర్వాత, నిద్రల్లేక, పగలూ రాత్రీ తెలియక కొంతమందికి ఇలా అవుతుందని, రెండు మూడు రోజుల్లో పోతుందని సిస్టర్ చెప్పింది. చేతులు కట్టేయాల్సి వస్తే కడతామని, దానికి ముందు ఒకసారి నన్ను మాట్లాడించి చూద్దామని పిలిచిందట. నేను వెళ్ళి "నాన్నా, పట్టాలు కప్పేశాం. తమ్ముడూ మామయ్యా కప్పారు. వాన కూడా ఆగింది" అన్నాను. చాలాసేపు నా మొహం చూసి, "తాళ్ళు కట్టారా?" అన్నాడు. కట్టారన్నాను. పడుకున్నాడు. పొద్దున సిస్టర్ నాన్న కళ్ళజోడు అడిగి తెప్పించి పెట్టింది, గడియారం కనిపించేలా మంచం తిప్పించింది. వచ్చినప్పుడల్లా "ఇది ఆసుపత్రి బాబాయ్, ఇవాళ సోమవారం" అని చెప్పేది. కళ్ళజోడు, వినికిడి మిషను ఉంటే అదీ, ముందే సిస్టర్లకి ఇచ్చి ఉంచండి.

అదే సోమవారం 27న గుండె లయ తప్పింది, నాడి 140కి వెళ్ళింది. మందు డ్రిప్పులో ఎక్కించారు, 28 తెల్లవారేసరికి సర్దుకుంది. ఇది కూడా మామూలుగా వచ్చేదేనని చెప్పారు. అన్నీ మామూలుగా వచ్చేవేనని వాళ్ళు అంటుంటే మొదట కోపం వచ్చేది, తర్వాత ఆ మాటే ధైర్యమైంది.

28 సాయంత్రం వార్డుకి మార్చారు. ఐసీయూలో ఇద్దరు పేషెంట్లకి ఒక సిస్టర్. వార్డులో రాత్రిపూట పదహారు మంచాలకి ఒక్కరే. ఈ తేడా ఎవరూ చెప్పరు. మొదటి రాత్రి నాన్నకి చెమట పడితే బెల్లు కొట్టి ఇరవై నిమిషాలు చూశాను, చివరికి పరిగెత్తుకెళ్ళి పిలుచుకొచ్చాను. షుగర్ 62కి పడిపోయింది. ఇన్సులిన్ ఇచ్చాక భోజనం బండి గంట ఆలస్యంగా వచ్చింది. ఆ సిస్టర్ పంచదార నీళ్ళు తాగించి, నాన్న తేరుకున్నాక, నాకు క్షమాపణ చెప్పింది. సాయంత్రం ఆరింటి నుంచి ఆవిడ గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు, నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ మీద నాకు కోపం లేదు. పదహారు మందికి ఒక్కర్ని పెట్టినవాళ్ళ మీద ఉంది. అప్పటి నుంచి నేనే ఒక నోటుపుస్తకంలో టైము, మందు, ఇన్సులిన్, తిండి, మూత్రం, నొప్పి రాయడం మొదలుపెట్టాను. మర్నాడు హెడ్ సిస్టర్ అది చూసి, తానే గళ్ళు గీసి ఇచ్చింది.

29న ఇరవై అడుగులు నడిపించారు. మంచం మీద నుంచి లేవడం పెద్ద పాఠం. చేతులు ఆన్చి లేవకూడదు, గుండె మధ్య ఎముకని తీగలతో కుట్టారు, అది అతుక్కోవాలి. పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు కిందికి జార్చి, నేను వీపు వెనక చెయ్యి వేస్తే లేవాలి. చంకల కింద చేతులు పెట్టి లాగకూడదు, మేం అదే చేయబోయాం. 31న డిశ్చార్జి.

డిశ్చార్జి రోజు సిస్టర్ ముప్పావుగంట కూర్చుని చెప్పింది. ఏ కాగితంలోనూ లేని ప్రశ్నలు అడిగింది. మంచం ఎలాంటిది? నులక మంచం. వద్దు, కుంగిపోతుంది, చేతులు ఆన్చకుండా లేవలేరు. బాత్రూము ఎలాంటిది? కింద కూర్చునేది. వద్దు. రోజూ అన్నంలోకి ఏం తింటారు? గోంగూర పచ్చడి, చివర్లో ఉప్పేసిన మజ్జిగ. ఆవిడ ఒక టీ చెంచా చూపించి, కూరా పచ్చడీ మజ్జిగా అన్నిటికీ కలిపి రోజంతా ఇంతకు మించి ఉప్పు వద్దు అంది. నాడి చూడటం నాకు నేర్పింది, నా వేళ్ళు పట్టుకుని నాన్న మణికట్టు మీద సరైన చోట పెట్టి. నాడి వేగం తగ్గించే మెటోప్రొలాల్ మాత్రకి ముందు నిమిషం నిండా లెక్కపెట్టాలి, 55 కన్నా తక్కువుంటే వేయకుండా ఫోన్ చేయాలి. ఇది మాకు చెప్పిన లెక్క, మీకు మీ డాక్టరు వేరే చెప్పవచ్చు. రోజూ పొద్దున మూత్రానికి వెళ్ళొచ్చాక బరువు చూడాలి. రెండు రోజుల్లో కిలోన్నర పెరిగితే అది కండ కాదు, నీరు. చివరగా నన్ను పక్కకి పిలిచి, "ఇంటికెళ్ళాక ఏడుస్తారు. చిరాకు పడతారు. భయపడకండి, కానీ మూడు వారాలు దాటితే మాత్రం మాకు చెప్పండి" అంది.

ఖర్చు. ఆపరేషన్‌కి, మందులకి ఒక్క రూపాయి కట్టలేదు. అయినా మా చేతి నుంచి 43 వేలు పోయాయి. పదిహేను రోజులు మా తిండి, గది అద్దె, రక్తదాతల ప్రయాణాలు, కాలి మేజోళ్ళు 850, ఛాతీ బెల్టు 900, ఎత్తు కుర్చీ కమోడు 1,800, చెక్క మంచం, పరుపు, బరువు చూసే మిషను, గుంటూరుకి తిరగడానికి కార్లు. నా జీతం లేని సెలవు దీనికి బయట.

ఇంట్లో మొదటి వారం చుట్టాలే పెద్ద ఇబ్బంది. రోజుకి పాతికమంది, యాపిల్స్, స్వీట్లు. నాన్న మొహమాటానికి గంటలు గంటలు కూర్చునేవాడు, సాయంత్రానికి పాదాలు వాచేవి. ఫిబ్రవరి 4న అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి అక్కడి నుంచే పంపింది. అలా చేయడానికి ఆవిడ మనసు ఎంత నలిగిందో నాకు తెలుసు.

ఫిబ్రవరి 8న ఎడమ కాలి గాయం, బైపాస్‌కి వాడటానికి రక్తనాళం తీసిన చోట, తడిగా కనిపించింది. గుండె మీద గాయం గురించే అందరం భయపడ్డాం, అది చక్కగా ఆరింది, ఇబ్బంది పెట్టింది కాలే. వార్డు నంబరుకి ఫోన్ చేస్తే సిస్టర్ ఫోటో పంపమంది. రంగేమిటి, వాసనుందా, చుట్టూ వేడిగా ఉందా, జ్వరమెంత, షుగరెంత అని అడిగింది. షుగర్ 264. మర్నాడు పొద్దున్నే రమ్మంది. శుభ్రం చేసి, యాంటిబయాటిక్ రాసి, ఇన్సులిన్ పెంచారు. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టమన్నారు. పన్నెండు రోజులకి ఆరింది. అలవాటు ప్రకారం పసుపు పెట్టబోయిన అమ్మని నేనే ఆపాను.

ఏడుపు ఫిబ్రవరి రెండో వారంలో వచ్చింది. మిరప కోతలు జోరుగా ఉన్నాయి. మామయ్య టిక్కీలు గుంటూరు యార్డుకి వేసి, వచ్చిన ధర చెబుతుంటే నాన్న ఒక్కసారిగా వెక్కి వెక్కి ఏడ్చాడు. మా తాతయ్య పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అన్నం మానేశాడు. "నన్నెందుకు బతికించారు, బస్తా ఎత్తలేనివాణ్ణి" అన్నాడు. సిస్టర్ ముందే చెప్పి ఉండకపోతే నేను కూలిపోయేదాన్ని. దిండు ఆయన గుండెకి ఆనించి పట్టుకుని పక్కనే కూర్చున్నాను, ఏడుస్తున్నా కుట్లు లాగుతాయి కదా. తర్వాత రోజు నుంచి సాయంత్రం నడకని చేను వైపు మార్చాం. మొదట ఐదు నిమిషాలు, వారానికి ఐదు నిమిషాలు పెంచుతూ. చేను గట్టు మీద నిలబడి కూలీలతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేవాడు. పదిరోజుల్లో తిండి మొదలైంది.

మార్చి 7న ఎకో (గుండె స్కానింగు) తీస్తే రక్తాన్ని తోసే శక్తి 45 శాతం వచ్చింది. ఇప్పుడు అరగంట నడుస్తున్నాడు. మూడు నెలలు నిండేదాకా బండి నడపడం, మందు కొట్టే స్ప్రేయరు వీపుకి తగిలించుకోవడం వద్దన్నారు. నేను ఆదివారం హైదరాబాద్ వెళ్ళిపోతున్నాను. నోటుపుస్తకం అమ్మకి అప్పజెప్పాను. అమ్మకి చదువు తక్కువ, అంకెలు వచ్చు. నాడి, బరువు, షుగర్ మూడు గళ్ళు ఆవిడే నింపుతోంది. నొప్పి గడిలో మాత్రం అంకె వేయదు, పావలాకి ఒక చుక్క పెడుతుంది. ఈ నెలంతా ఆ గడి ఖాళీగానే ఉంది.

ఎడమ చీలమండ పైన, గాయం పక్కన, నాన్నకి ఇంకా స్పర్శ లేదు. కాలి రక్తనాళం తీసినప్పుడు అలా అవుతుందని, ఏడాది పట్టవచ్చని చెప్పారు. చీమ కుట్టినా, ముల్లు దిగినా తెలియదు. షుగర్ మనిషి కదా. అందుకని రోజూ రాత్రి పడుకునే ముందు అమ్మ టార్చి పట్టుకుంటుంది, నేను ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు, అరికాళ్ళు, మడమలు చూస్తాను. ఆదివారం నుంచి టార్చి ఎవరు పట్టుకుంటారని అడిగాను. పక్కింటి పిల్ల ఎనిమిదింటికి వస్తానంది.